అడ్రినల్ జబ్బుల్లో ముందేది, తరవాతేది: ఏరియా ఆసుపత్రిలో డాక్టరుగా చేరిన అబ్బాయికి ఉత్తరం

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాంతులూ నీరసంతో వచ్చిన రైతుకు రక్తంలో సోడియం 118కి పడిపోయి, సెలైన్లు ఎక్కుతున్నా బీపీ 80 దాటకపోతే రెండు రోజులు దాన్ని కడుపు ఇన్ఫెక్షన్ అనే అనుకున్నానని, అరచేతి గీతలు నల్లగా ఉన్నాయని స్టాఫ్ నర్సు చూపించాకే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథుల సంగతి తట్టిందని రాశావు. ఆమె మాట విని వెంటనే హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చావు, మనిషి దక్కాడు. ఇన్నేళ్లుగా ఈ గ్రంథుల జబ్బులు చూస్తున్న అనుభవంతో చెబుతున్నాను, వీటిలో చదువు చాలక పొరబడేవాళ్ల కంటే వరస తప్పి పొరబడేవాళ్లే ఎక్కువ.

మొదట కంటితో చూడవలసింది. మనవాళ్ల ఒంటి రంగు సహజంగానే చామనఛాయ కాబట్టి, నల్లబడ్డావా అని అడిగితే పొలంలో ఎండకు అనేస్తారు. అందుకని ఎండ తగలని చోట్లు చూడు: అరచేతి గీతలు, బుగ్గల లోపలి వైపు, చిగుళ్లు, పాత ఆపరేషన్ మచ్చ. చిగుళ్ల మీద నలుపు మనలో చాలామందికి పుట్టుకతోనే ఉంటుంది గనక అది ఒక్కటే చూసి నిర్ణయానికి రాకు; కొత్తగా వచ్చిన మార్పే లెక్క. నేనైతే ఆధార్ కార్డు తీయించి, అందులోని ఫోటోను మొహం పక్కన పెట్టి చూస్తాను. ఆ తరవాత ఇంట్లోవాళ్లను తిండి గురించి అడుగుతాను. మజ్జిగలో ఉప్పు చాలడం లేదంటున్నాడనో, అన్నం సహించకపోయినా ఊరగాయ ముక్క చప్పరిస్తూ కూర్చుంటున్నాడనో వాళ్లు చెప్పారంటే, సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోయినట్లు. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడడం మాత్రం ఎప్పుడూ మానకు.

మనిషి కుప్పకూలి వస్తే, అడ్రినల్ తయారుచేసే కార్టిసాల్ హార్మోన్‌కూ, దాన్ని చేయమని మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్‌కూ రక్తం తీసి పక్కన పెట్టి, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా హైడ్రోకార్టిజోన్ 100 మిల్లీగ్రాములు నరంలోకి ఇచ్చెయ్యి. మొదటి గంటలో ఒక లీటరు నార్మల్ సెలైన్ ఎక్కించు, తరవాతి 24 గంటల్లో మరో 200 మిల్లీగ్రాములు వెళ్లేలా చూడు. జబ్బు అది కాదని తరవాత తేలినా, ఆ ఒక్క రోజు స్టెరాయిడ్ వల్ల జరిగే నష్టం స్వల్పం. ఆలస్యం వల్ల మాత్రం ప్రాణం పోతుంది. ఏసీటీహెచ్ శాంపిల్‌ను రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ట్యూబులో పోసి ఐసులో పెట్టి పంపకపోతే వచ్చే అంకెకు విలువ లేదు. స్టెరాయిడ్ పడ్డాక మూత్రం ధారాళంగా వచ్చి సోడియం ఒక్కసారిగా పైకి లేస్తుంది కాబట్టి, మొదటి రోజు కొన్ని గంటలకొకసారి చూసుకుంటూ, 24 గంటల్లో 8 నుంచి 10 దాటి పెరగకుండా కాచుకో.

నిలకడగా ఉన్న మనిషికైతే ఉదయం ఎనిమిదింటి కార్టిసాల్‌తో మొదలుపెట్టు. అది డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల లోపు ఉంటే లోపం దాదాపు ఖాయం. 18 దాటితే ఇంచుమించు లేనట్లే. మధ్యలో ఉన్నవాళ్లకే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి చేసే పరీక్ష కావాలి.

ఇక నన్ను ఇప్పటికీ వెంటాడే కేసు చెబుతాను. నేను చిన్న డాక్టరుగా ఉన్న రోజుల్లో ఒక ఆసుపత్రికి ముప్పై ఎనిమిదేళ్ల ఆవిడ వచ్చింది. ఒళ్లంతా చల్లగా, మొహం ఉబ్బి, మాట నెమ్మదిగా ఉంది. థైరాక్సిన్ బాగా తక్కువగా ఉండేసరికి మాత్రలు రాసి పంపేశాను. వారం తిరక్కుండా స్పృహ లేని స్థితిలో తీసుకొచ్చారు. అప్పుడు వాళ్ల అమ్మను కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, పదకొండేళ్ల కిందట చివరి కాన్పులో రక్తం ధారకట్టి పోయిందట, ఆ బిడ్డకు చనుబాలు పడనే లేదట, ఆ తరవాత నెలసరి మళ్లీ రాలేదట. అది షీహాన్ సిండ్రోమ్, కాన్పులో రక్తం ఎక్కువగా పోయి పిట్యూటరీ చెడే జబ్బు. పాడైంది పిట్యూటరీ గ్రంథి కాబట్టి థైరాయిడ్, అడ్రినల్ రెండూ చతికిలబడ్డాయి. కార్టిసాల్ లేని ఒంట్లో నేను థైరాక్సిన్ పోసి, ఉన్న కాస్త కార్టిసాల్‌నూ త్వరగా ఖర్చు చేయించాను. ఆవిడ బతికింది. థైరాయిడ్ మాత్ర రాసే ముందు, థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ కూడా చూసి, టీ4 (థైరాక్సిన్) తక్కువగా ఉండి కూడా టీఎస్‌హెచ్ పెరగకపోతే ముందు స్టెరాయిడ్, ఆ తరవాతే థైరాక్సిన్ అనే నియమాన్ని ఆనాటి నుంచి నేను తప్పలేదు. పిట్యూటరీ జబ్బులో ఏసీటీహెచ్ పెరగదు గనక ఒళ్లు నల్లబడదు, పాలిపోతుంది. ఒంట్లో ఉప్పును నిలిపి పొటాషియంను బయటికి పంపే అడ్రినల్ హార్మోన్ ఆల్డోస్టిరోన్ చెడదు గనక పొటాషియం కూడా మామూలుగానే ఉంటుంది. నల్లబడలేదు కాబట్టి అడ్రినల్ లోపం కాదనుకోవడం పెద్ద పొరపాటు. కాన్పు తరవాత పాలు పడ్డాయా అన్న ప్రశ్నను ప్రతి స్త్రీ కేసుషీటులోనూ రాసుకో.

1855లో లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో థామస్ అడిసన్ ఈ జబ్బును వివరించినప్పుడు, చనిపోయినవారి అడ్రినల్ గ్రంథుల్లో ఆయనకు ఎక్కువగా కనిపించింది క్షయే. పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు రోగనిరోధక శక్తి తనమీద తానే తిరగబడడం ముఖ్య కారణమైంది గానీ, మన దగ్గర క్షయ, హిస్టోప్లాస్మా అనే ఫంగస్ ఇంకా పోలేదు. అందుకే సీటీలో రెండు గ్రంథులూ ఉబ్బి కనిపిస్తే ఈ రెంటినీ వెతుకు. సూదితో ముక్క తీయించాల్సి వస్తే, ముందు మెటానెఫ్రిన్ల పరీక్ష చూసి, బీపీని ఎగదోసే హార్మోన్లు వదిలే అడ్రినల్ గడ్డ ఫియోక్రోమోసైటోమా కాదని తేల్చుకో. ఆ గడ్డలో సూది గుచ్చితే బీపీ ఎక్కడ ఆగుతుందో చెప్పలేం. క్షయకు మందులు మొదలుపెట్టేటప్పుడు ఇంకొక మెలిక ఉంది. రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొలిపి కార్టిసాల్‌ను త్వరగా కరిగించేస్తుంది కాబట్టి, స్టెరాయిడ్ మోతాదు పెంచకుండా అది మొదలుపెడితే కోలుకుంటున్న మనిషి మళ్లీ కూలిపోతాడు.

దీనికి తలకిందులుగా, కార్టిసాల్ ఎక్కువైన మనుషులు నీకు వారానికొకరు కనిపిస్తారు. వాళ్లలో చాలామందికి గ్రంథిలో జబ్బే ఉండదు. మోకాళ్ల నొప్పులకు, ఆయాసానికి ఎవరో ఇచ్చిన పేరులేని పొట్లాలు, చీటీ లేని చిన్న మాత్రలు ఏళ్ల తరబడి మింగి ఉంటారు. మొహం గుండ్రంగా, చర్మం పలచగా, చిన్న దెబ్బకే కమిలిపోతూ, గొంతుకూర్చున్నవాళ్లు చేతులు ఆనించకుండా లేవలేకపోతుంటే, ఇంట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకుని రమ్మను. మొహానికి రాసే తెల్లబరిచే క్రీములూ తెమ్మను. అంతేగానీ, కోపంతో వాటిని ఆ పూటే ఆపించకు. వాళ్ల అడ్రినల్ గ్రంథులు అప్పటికే నిద్రపోయి ఉంటాయి; వాటిని మెల్లగా లేపుతూ నెలల తరబడి తగ్గించుకు రావాలి. బయటి స్టెరాయిడ్ లేదని నమ్మకం కుదిరాకే రాత్రి పదకొండింటికి 1 మిల్లీగ్రాము డెక్సామెథజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి, కార్టిసాల్ అణిగిందా లేదా పొద్దున చూడు. అది 1.8 దాటితే మరో పరీక్షతో రూఢి చేసుకుని, ఏసీటీహెచ్ చూసి, చివరికి స్కానింగ్‌కు పంపు. స్కానింగ్‌తో మొదలుపెడితే, వయసు మళ్లినవారిలో ఏ హాని చేయని చిన్న గడ్డలు కనబడి నిన్ను దారి తప్పిస్తాయి.

బీపీ విషయంలో రెండు మాటలు. తలనొప్పి, చెమటలు, గుండెదడ ఒక్కసారిగా వచ్చిపోతూ బీపీ ఎగబాకే మనిషికి, అంటే ఫియోక్రోమోసైటోమా అనుమానం ఉన్నవాళ్లకు, దడ తగ్గించాలని బీటా బ్లాకర్ ముందు ఇవ్వకు. రక్తనాళాలను సడలించే ఆల్ఫా బ్లాకర్ ఇచ్చి, ఉప్పూ నీళ్లూ పెంచి, ఆపరేషన్‌కు ముందు ఒకటి రెండు వారాలు సిద్ధం చేశాకే బీటా బ్లాకర్ సంగతి ఆలోచించు. చిన్న వయసులో బీపీ వచ్చి పొటాషియం తక్కువగా ఉన్నవాళ్లకు ఆల్డోస్టిరోన్‌కూ, దాన్ని పెంచే మూత్రపిండాల రెనిన్‌కూ ఉన్న నిష్పత్తి చూపించు. పొటాషియం సరిచేశాకే రక్తం తీయించు, లేకపోతే ఆల్డోస్టిరోన్ అబద్ధం చెబుతుంది.

పిల్లల వార్డులో డ్యూటీ పడితే, పుట్టిన రెండో వారంలో వాంతులతో బరువు తగ్గి వచ్చే మగ శిశువును గుర్తుపెట్టుకో. ఆడపిల్లల్లో జననాంగాల తేడా కంటపడుతుంది, మగపిల్లల్లో పడదు. సోడియం తగ్గి పొటాషియం పెరిగితే అది విరేచనాల బాపతు కాకపోవచ్చు, పుట్టుకతో వచ్చిన అడ్రినల్ లోపం కావచ్చు.

నీ రైతును ఇంటికి పంపే ముందు పక్కన కూర్చుని చెప్పు. హైడ్రోకార్టిజోన్ రోజుకు 15 నుంచి 25 మిల్లీగ్రాములు, ఎక్కువ భాగం నిద్రలేవగానే, దాంతోపాటు ఆల్డోస్టిరోన్‌కు బదులుగా పనిచేసే ఫ్లూడ్రోకార్టిజోన్. జ్వరం వస్తే రెండింతలో మూడింతలో హైడ్రోకార్టిజోన్ వేసుకోవాలి, వాంతులై మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ కోసం వెంటనే రావాలి, బాగుంది కదా అని ఒక్క రోజూ మానకూడదు. ఇదంతా పెద్ద అక్షరాలతో తెలుగులో అట్టముక్క మీద రాసి, ఆధార్ కార్డుతో పాటు జేబులో ఉంచమను. భార్యచేత ఒకసారి పైకి చదివించుకో. అతని సీటీ వచ్చాక క్షయ మందులు మొదలుపెట్టేటట్లయితే, స్టెరాయిడ్ మోతాదు ఎంతకు పెంచావో నాకు ఫోన్ చేసి చెప్పు.

ఇట్లు,
పెదనాన్న