పాఠకుల ప్రశ్నలు: ఖైనీ పొట్లం, తాతగారి చుట్ట

ప్రశ్న: కోనసీమలో గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. తొమ్మిదో తరగతి పిల్లల దగ్గర ఖైనీ పొట్లాలు దొరికితే నోటి క్యాన్సర్ బొమ్మలు గోడకు అంటించాం. పది రోజులకే మళ్లీ దొరికాయి. ఇళ్లలో తాతలు లంక పొగాకు చుట్టలు కాలుస్తుంటే బడిలో మా మాట చెవికెక్కుతుందా?
– ఒక ఉపాధ్యాయుడు, అమలాపురం ప్రాంతం

జవాబు: మాస్టారూ, యాభయ్యో ఏట రాగల జబ్బు పద్నాలుగేళ్ల వాడికి పొరుగూరి వార్త వంటిది. బొమ్మలను తప్పుపట్టను గానీ పాఠం అక్కడితో ఆగరాదు, తొమ్మిదో తరగతి దాకా ఆగనూ రాదు. 2019లో 13–15 ఏళ్ల విద్యార్థులపై జరిగిన జాతీయ సర్వేలో 8.5 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నట్లు తేలింది. నమిలే పొగాకు రుచి చూసినవారిలో సగానికి పైగా పదేళ్లు నిండకముందే మొదలుపెట్టారు.

మీరు సైన్సు మాస్టారు కనుక ఆమ్లాలు, క్షారాల పాఠంలోనే ఖైనీని ప్రస్తావించవచ్చు. అందులో కలిపే సున్నం క్షారగుణం వల్ల నికోటిన్‌ను విడదీసి, చిగుళ్ల లోపలి పొర గుండా రక్తంలోకి సులువుగా చేరేలా చేస్తుందని, ఆ నలుపుడు వెనుక ఉన్నది మగతనం కాదు, రసాయన చర్య అని తెలిసిన పిల్లవాడు పొట్లాన్ని వేరే కంటితో చూస్తాడు. మొదటి చిటికెడు చాలాసార్లు స్నేహితుడి అరచేతి నుంచే వస్తుంది కనుక, “ఒక్కసారికేం కాదెహె” అన్నవాడికి ఏమని బదులివ్వాలో తరగతిలో ఇద్దరిద్దరి చేత పలికించి చూడండి.

ఇక తాతలు. నా చిన్నతనంలో తాతగారి చుట్టకు నిప్పు తెచ్చే ముచ్చట నాకూ తీరింది. వారిని నిందిస్తే పిల్లలు మీకు దూరమవుతారు. ఏ వయసులో మొదలుపెట్టారో, మానాలని ఎన్నిసార్లు అనుకున్నారో తాతనే అడిగి రాసుకు రమ్మనండి. ఆ జవాబులు మీ బొమ్మల కన్నా గట్టిగా మాట్లాడవచ్చు.

2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారికి పొగాకు అమ్మరాదు, విద్యాసంస్థకు 100 గజాల లోపు, అంటే సుమారు 91 మీటర్ల లోపు, ఎవరికీ అమ్మరాదు. లెక్కల మాస్టారితో కలిసి ఆ దూరాన్ని పిల్లల చేతనే టేపుతో కొలిపించి, అక్కడ పసుపు గీత గీయించండి. గీత లోపల కొట్టు ఉంటే ప్రధానోపాధ్యాయులు లిఖితంగా ఫిర్యాదు చేయాలి.

దొరికిన పిల్లలను మాత్రం ప్రార్థన సమయంలో అందరి ముందు నిలబెట్టకండి. విడిగా కూర్చోబెట్టి, మానేందుకు సాయపడే 1800-11-2356 నంబరుకు మీ ఎదుటే ఫోను చేయించండి. దానికి డబ్బు ఖర్చు కాదు.