టెక్ సందేహాలు: కొత్త టార్చిలైటు విప్పే ముందు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం టార్చిలైట్ల గురించే. మిర్చి కల్లాల కాపలా, రాత్రిపూట పొలంలో మోటారు వేయడానికి వెళ్లడం, చేలమీద పడే అడవి పందులు... మన జిల్లాల్లో మంచి టార్చి అవసరం ఎంతో అందరికీ తెలుసు. అందుకే ఈ వారం శీర్షికను మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

కల్లం కాపలాకు ఆన్‌లైన్‌లో కొత్త టార్చి తెప్పించాను. లోపల ఒకటే 18650 సెల్లు (మళ్లీ మళ్లీ చార్జి చేసుకునే లిథియం సెల్లు). పెట్టె మీద 10,000 ల్యూమెన్లు (టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత) అని ఉంది. వేసిన రెండు నిమిషాలకే వెలుగు సగానికి పడిపోతోంది, తల భాగం చేయి పెట్టలేనంతగా కాలుతోంది. విప్పి, వేడిని బయటికి దాటించే థర్మల్ పేస్టు పూస్తే బాగుపడుతుందా? మా అబ్బాయి పాలిటెక్నిక్ చదువుతున్నాడు, సోల్డరింగ్ వచ్చు. — ఒక రైతు, నర్సంపేట

వెలుగు తగ్గడం లోపం కాదు, మీ టార్చి తనను తాను కాపాడుకుంటోంది. ఎల్ఈడీకి అందే విద్యుత్తులో సగానికి పైగా వేడిగానే మారుతుంది. నిజంగా 10,000 ల్యూమెన్లు రావాలంటే దాదాపు 100 వాట్లు కావాలి. 3.6 వోల్టుల సెల్లు ఒక్కటే అంత ఇవ్వాలంటే అందులోంచి సుమారు 28 ఆంపియర్లు లాగాలి. మామూలు 18650 సెల్లుకు అది తలకు మించిన భారం. కాబట్టి పెట్టె మీది అంకెను నమ్మకండి. ఒక సెల్లుతో నడిచే టార్చి ఎంత మంచిదైనా, నిలకడగా ఇవ్వగలిగేది వెయ్యి ల్యూమెన్లకు అటూ ఇటూగానే ఉంటుంది. అంతకు మించినదంతా కాసేపటి మెరుపే.

అయితే ఇందులో ఊరటనిచ్చే విషయం ఒకటుంది. వెలుగు రెట్టింపయినట్టు కంటికి అనిపించాలంటే ల్యూమెన్లు సుమారు నాలుగింతలు కావాలి. అంటే 2,000 నుంచి 1,000కి తగ్గినా మీరు అనుకున్నంత నష్టం జరగదు. కల్లం చివర కదిలేది కుక్కో పందో తేల్చుకోవడానికి అసలు చూడవలసిన అంకె క్యాండెలా. వెలుగు ఒక దిక్కున ఎంత గట్టిగా కూడుకుందో చెప్పేది అదే. దాని వర్గమూలాన్ని రెండుతో గుణిస్తే వెలుగు ఎన్ని మీటర్లు చేరుతుందో తెలుస్తుంది. 10,000 క్యాండెలాకు 200 మీటర్లు, 40,000 క్యాండెలాకు 400 మీటర్లు. ఆ చివరన పడేది నిండు వెన్నెలంత వెలుగే కనుక, స్పష్టంగా గుర్తుపట్టడానికి అందులో సగం దూరమే లెక్కలోకి తీసుకోండి. పెట్టె మీద ఎఎన్ఎస్ఐ ఎఫ్ఎల్1 (టార్చిలైట్ల కొలతలకు అమెరికాలో పెట్టిన ప్రమాణం) ప్రకారం కొలిచినట్టు ఉంటే, ల్యూమెన్లను వేసిన క్షణంలో కాకుండా కనీసం 30 సెకన్లు గడిచాక కొలిచారని అర్థం. కొనేటప్పుడు ఆ గుర్తు కోసం వెతకండి.

ఇక పేస్టు సంగతి. తల భాగం త్వరగా కాలుతోందని రాశారు. ఎల్ఈడీ వేడి లోహపు ఒంట్లోకి సరిగ్గానే వస్తోందనడానికి అదే రుజువు, కాబట్టి మళ్లీ పేస్టు పూసినా మీకు పెద్దగా ఒరిగేది ఉండదు. వేడి లోపలే చిక్కుకుపోయిన టార్చి ఇందుకు భిన్నంగా ప్రవర్తిస్తుంది: తల చల్లగానే ఉంటుంది, వెలుగు మాత్రం వేగంగా పడిపోతుంది, తెలుపులో నీలిఛాయ కనిపిస్తుంది. అలాంటి టార్చినే విప్పాలి. చౌకరకం టార్చీల్లో ఎల్ఈడీని అతికించిన లోహపు పలక కింద పేస్టు అసలే లేకపోవడం, ఉన్నా ఒక మూలన చుక్కగా ఉండటం మామూలే.

అయినా అబ్బాయికి విప్పి చూడాలని ఉంటే నేను అడ్డుపడను. ఒక వస్తువు ఎలా పనిచేస్తుందో విప్పి చూసినవాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. వారంటీ పోతుందని మాత్రం గుర్తుంచుకోండి. మొదటి పని సెల్లు తీసి పక్కన పెట్టడం. ముందువైపు అద్దాన్ని పట్టి ఉంచే లోహపు చుట్టు ఎడమవైపు తిరగాలి. జిగురుతో బిగించి ఉంటే కదలదు. అప్పుడు పటకారుతో పట్టి పెనుగులాడితే రంగుపూత లేచిపోతుంది. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో బాగా వేడి చేసి, పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పండి. చాలావరకు వచ్చేస్తుంది. అద్దం, దాని కింద రబ్బరు రింగు, రిఫ్లెక్టర్ వరుసగా బయటికి వస్తాయి. ఒక్కొక్కటి తీసేటప్పుడు ఫోనుతో ఫొటో తీసి పెట్టుకోమనండి.

రిఫ్లెక్టర్ లోపలి పూతను వేలితో ముట్టుకోకూడదు, గుడ్డతో తుడవకూడదు. దాని మీద పడిన గీత ఎప్పటికీ పోదు. దుమ్ము ఉంటే గాలి ఊదే రబ్బరు బుడ్డి చాలు. ఎల్ఈడీ మీది పసుపుపచ్చని మెత్తటి భాగానిదీ అదే సంగతి. నీలి కాంతిని తెల్లగా మార్చేది ఆ పసుపు పొరే. అది ఊడితే ఎల్ఈడీ పనికిరాదు.

పలకను పట్టి ఉంచే మరలు విప్పి, అవసరమైతే తీగలను వదులు చేసి, పలకను లేపాలి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, కొత్తది పలచగా పూయాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ లాభమని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. రాగి, అల్యూమినియం ఒకదానికొకటి తగలని సందుల్లోని గాలిని తరిమేయడమే పేస్టు పని. లోహం కన్నా పేస్టు వేడిని తక్కువగా మోస్తుంది కనుక, దళసరిగా పూస్తే అదే అడ్డవుతుంది.

మూసేటప్పుడు ఒక చిన్న ప్లాస్టిక్ చట్రం మరచిపోయే ప్రమాదం ఉంది. ఎల్ఈడీ చుట్టూ కూర్చుని రిఫ్లెక్టర్‌ను నడిమధ్యన నిలిపేది అదే. రిఫ్లెక్టర్ లోహం ఎల్ఈడీ పలక మీది సోల్డర్ చుక్కలను తాకకుండా ఆపేదీ అదే. అది లేకుండా బిగిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. లిథియం సెల్లుతో షార్ట్ సర్క్యూట్ అంటే చేతిలో పొగ, ఒక్కోసారి మంట. అందుకే బిగించాక, సెల్లు వేయకముందు, మల్టీమీటరుతో సెల్లు ప్లస్ కొస తగిలే చోటుకూ టార్చి ఒంటికీ మధ్య షార్ట్ ఉందేమో ఒకసారి చూడండి. ఈ కొలత టార్చిని బట్టి మారుతుంది కాబట్టి, విప్పకముందు కూడా అదే కొలత తీసుకుని రెండింటినీ పోల్చుకోవాలి.

నిజంగా ఫలితమిచ్చే పని వేరే ఉంది, దానికి సోల్డరింగ్ అక్కర్లేదు. వెనుక మూత మరల మీద, ఒంటి గొట్టం అంచు మీద పేరుకున్న నల్లటి మసిని ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, రబ్బరు రింగులకు కాస్త సిలికాన్ గ్రీజు రాయండి. చాలా టార్చీల్లో కరెంటు తిరిగి వచ్చే దారి ఆ గొట్టం అంచే. అక్కడ మురికి పడితే వెలుగు మిణుకుతుంది, తగ్గుతుంది. మిర్చి దుమ్ములో వాడే టార్చికి ఈ శుభ్రం నెలకోసారి తప్పనిసరి.

సెల్లును నొక్కి పట్టే స్ప్రింగు మీదుగా రాగి తీగ కలిపితే వెలుగు పెరుగుతుందని వీడియోల్లో చూసే ఉంటారు. అందులో లెక్క నిజమే. 10 ఆంపియర్లు పారే దారిలో స్ప్రింగు నిరోధం 0.03 ఓమ్ ఉంటే 0.3 వోల్టు అక్కడే పోతుంది, 3 వాట్ల వేడి స్ప్రింగులోనే పుడుతుంది. కానీ కరెంటును స్థిరంగా ఉంచే డ్రైవర్ బోర్డు ఉంటే, సెల్లు నిండుగా ఉన్నంతసేపూ తీగ కలిపినా వెలుగు మారదు. అలాంటి బోర్డు లేకపోతే వెలుగుతోపాటు వేడీ పెరుగుతుంది. ఇప్పటికే కాలుతున్న మీ టార్చికి ఇంకా కరెంటు పంపమని నేను చెప్పలేను.

నా టార్చిలో ఆండ్యురిల్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, బటన్ నొక్కులను బట్టి వెలుగును నడిపేది అదే. ఎండాకాలంలో మరీ త్వరగా వెలుగు తగ్గించేస్తోంది. సరిచేయవచ్చా? — ఇంజనీరింగ్ విద్యార్థి, కాజీపేట

చేయవచ్చు, పైగా స్క్రూడ్రైవర్ ముట్టకుండానే. ఆండ్యురిల్ ఓపెన్ సోర్సు (కోడ్ అందరికీ తెరిచి ఉంచినది) కాబట్టి దాని మాన్యువల్ అందరికీ దొరుకుతుంది. మీ వెర్షన్ మాన్యువల్‌ను ముందు దింపుకోండి. నొక్కుల వరుస వెర్షన్‌ను బట్టి మారుతుంది.

సరిచేయవలసినవి రెండు. మొదటిది, టార్చిలోని ఉష్ణోగ్రత సెన్సరు. ఇది చిప్పులోనే ఉంటుంది, కొత్తదానిలో కూడా కొన్ని డిగ్రీలు తప్పు చూపవచ్చు. టార్చిని వెలిగించకుండా రెండు గంటలు గదిలో ఉంచి, పక్కన థర్మామీటరు పెట్టి, అది చూపిన డిగ్రీలన్ని సార్లు ఉష్ణోగ్రత మెనూలో బటన్ నొక్కాలి. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర చేస్తే నొక్కులూ తక్కువే. రెండోది వేడి హద్దు. 30కి మీరు నొక్కిన నొక్కులు కలుస్తాయి, 15 నొక్కితే 45 డిగ్రీలు. మీ ఇబ్బందికి కారణం ఇక్కడే ఉంది. వరంగల్ మే నెలలో చుట్టూ గాలే 40 దాటితే, 45 హద్దు పెట్టుకున్న టార్చికి మిగిలేది ఐదు డిగ్రీలే. హద్దును 50కి జరపండి. అంతకు మించి వద్దు. లోహం 50 డిగ్రీలు దాటితే చేతిలో నిలవదు, ఆ వేడి సెల్లుకూ మంచిది కాదు.

జేబులో, సంచిలో పెట్టేటప్పుడు నాలుగు సార్లు నొక్కితే తాళం పడుతుంది. వెనుక మూతను పావు చుట్టు వదులు చేయడం అన్నిటికన్నా భద్రం. ఇలాంటి టార్చి పొరపాటున సంచిలో వెలిగితే బట్టలు కాలుతాయి.

9,900 ఎంఏహెచ్ (సెల్లులో పట్టే చార్జి కొలత) అని రాసి ఉన్న 18650 సెల్లు తక్కువ ధరకు దొరికింది. కొనవచ్చా? — కరీంనగర్

వద్దు. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 మిల్లీమీటర్ల పొడవున్న ఆ డబ్బాలో పేరున్న కంపెనీలు కుక్కగలిగేది సుమారు 3,600 ఎంఏహెచ్ దగ్గర ఆగిపోతుంది. 9,900 అని రాసినవాడు అబద్ధం రాశాడు. అబద్ధం రాసినవాడు లోపల రక్షణకు ఖర్చు పెట్టి ఉంటాడని నేను అనుకోను. బంగారం తూచే చిన్న కాటా దొరికితే తూచండి. అసలు సెల్లు 45 నుంచి 50 గ్రాముల మధ్య తూగుతుంది. నకిలీవి చాలావరకు అంతకన్నా బాగా తేలిక. మంచి సెల్లునైనా 4.2 వోల్టులకు మించి చార్జి చేయకూడదు. పైన ప్లాస్టిక్ తొడుగు చిరిగితే వెంటనే మార్చాలి, ఎందుకంటే పై బొడిపె తప్ప డబ్బా ఒళ్లంతా మైనస్సే. తాళంచెవులున్న జేబులో విడి సెల్లు ఎప్పుడూ పెట్టుకోవద్దు.

మా తమ్ముడు భూగర్భ గనిలో పనిచేస్తాడు. గనిలో ఇచ్చే దీపం కన్నా బాగుంటుందని మంచి టార్చి ఒకటి కొనిచ్చాను. లోపలికి తీసుకెళ్లవచ్చా? — గోదావరిఖని

దయచేసి వద్దు. బొగ్గు గనిలో మీథేన్ ఉంటుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. మామూలు టార్చి స్విచ్చిలో, వదులైన స్ప్రింగు దగ్గర అలాంటి రవ్వ పుట్టగలదు. గని దీపాన్ని లోపం వచ్చినా రవ్వ పుట్టని విధంగా తయారుచేసి, గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం తీసుకున్నాకే లోపలికి అనుమతిస్తారు. దీపాల గదిలో ఇచ్చే టోపీ దీపం తప్ప మరే దీపమూ వెంట ఉండకూడదు. మీరు కొన్నది షిఫ్టుకు వెళ్లే దారిలో, ఇంటి దగ్గర వాడుకోమనండి. తమ్ముడి క్షేమం కోరి కొన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పాముల భయంతో టార్చి కొందామనుకుంటున్నాను. తెల్లటి వెలుగు మంచిదా, పసుపు వెలుగు మంచిదా? — ములుగు

4,000 నుంచి 5,000 కెల్విన్ (వెలుగు రంగు కొలత, అంకె పెరిగేకొద్దీ నీలిఛాయ పెరుగుతుంది) మధ్య ఉన్నది, రంగులను సరిగ్గా చూపే సూచీ (సీఆర్ఐ) 90కి పైన ఉన్నది తీసుకోండి. 6,500 కెల్విన్ల నీలిరంగు తెలుపులో ఎండుటాకులు, మట్టి, రక్తపింజర ఒంటి మీది మచ్చలు ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. వెచ్చని వెలుగులో గోధుమ రంగు తేడాలు విడిగా కనిపిస్తాయి. అదే ఎల్ఈడీలో ఇలాంటి రకం కొంత తక్కువ ల్యూమెన్లు ఇస్తుంది. పాముల విషయంలో ఆ నష్టం భరించదగినదే. కాళ్ల ముందు చూసుకోవడానికి 200 ల్యూమెన్లు చాలు, దూరం కొట్టే టార్చి కన్నా వెడల్పుగా పరుచుకునేది కావాలి. ఎన్ని ల్యూమెన్లున్నా బూట్లు మానవద్దు. ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఉన్నవారు పెద్ద టార్చి వెలుగును రాత్రివేళ అడవిలోకి కొట్టకండి. జంతువుల కళ్లు చెదురుతాయి, అటవీ సిబ్బంది వేటగాళ్లని అనుమానిస్తారు.

కొత్త టార్చికి టైప్-సి చార్జింగ్ ఉంది. కానీ నా ఫోను 65 వాట్ల చార్జర్‌తో, దానితో వచ్చిన తీగతో పెడితే ఎక్కడం లేదు. టార్చి పాడైందా? — హనుమకొండ

పాడవలేదు. రెండు వైపులా టైప్-సి ఉన్న తీగతో పెట్టినప్పుడు, అవతల పరికరం ఉందని తెలిస్తేనే చార్జర్ కరెంటు వదులుతుంది. ఆ సంగతి చెప్పడానికి టార్చి లోపల 5.1 కిలో ఓమ్‌ల నిరోధకాలు రెండు ఉండాలి. కొన్ని పైసల ఖర్చు మిగులుతుందని కొందరు తయారీదారులు వాటిని వదిలేస్తారు. ఒక చివర పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న తీగతో, మామూలు 5 వోల్టుల చార్జర్‌తో పెట్టి చూడండి, ఎక్కుతుంది. సోల్డరింగ్ వచ్చినవారు బోర్డు మీద ఆ నిరోధకాలకు ఖాళీ స్థలం ఉంటే అతికించుకోవచ్చు, కానీ అవి బియ్యపు గింజలో సగం కూడా ఉండవు. ఒక తీగ మార్చుకుంటే సరిపోయే పనికి అంత శ్రమ అక్కర్లేదని నా అభిప్రాయం.