మౌంటెన్ బైక్‌కు స్లిక్ టైర్లు వేయించవచ్చా?

ప్రశ్న: నా 26 అంగుళాల మౌంటెన్ బైక్‌ను ఇప్పుడు ఆఫీసుకు వెళ్లిరావడానికే వాడుతున్నాను. బొడిపెల టైర్లు తారు రోడ్డు మీద హోరుమంటున్నాయి, తొక్కడమూ బరువుగా ఉంది. గాట్లు లేని స్లిక్ టైర్లు వేయిస్తే వానలో జారవా? ఎంత వెడల్పువి కొనాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: నిస్సంకోచంగా వేయించుకోండి. మట్టిలో దిగి పట్టునిచ్చేందుకు ఉద్దేశించిన బొడిపెలు గట్టి రోడ్డు మీద దిగే వీలులేక, చక్రం తిరిగినంతసేపూ వంగుతూ లేస్తూ ఉంటాయి; మీరు తొక్కే బలంలో కొంత అక్కడే వృథా అవుతుంది, ఆ హోరు పుట్టేదీ అక్కడే.

వాన గురించిన భయం కారు టైర్లను చూసి కలిగేది. కారు టైరు నేలను వెడల్పుగా, చదునుగా తాకుతుంది కాబట్టి వేగం పెరిగినప్పుడు దాని కింద చిక్కే నీటిని పంపేందుకు గాట్లు తప్పనిసరి. సన్నగా, గుండ్రంగా ఉండే సైకిల్ టైరు పడవ ముక్కులా నీటిని పక్కలకు తోసేస్తుంది. మనం తొక్కే వేగంలో అది నీటిపై తేలదు. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది రంగు గీతలు మాత్రం ఏ టైరుకైనా జారుడే. బురదలోనూ, రోడ్డు అంచున పేరుకున్న ఇసుకలోనూ స్లిక్ టైరు పట్టు తప్పుతుంది కనుక అక్కడ నెమ్మదించాలి.

వెడల్పు 1.5 నుంచి 1.75 అంగుళాల మధ్య సరిపోతుంది. గుంతలు, స్పీడ్‌బ్రేకర్లు ఉన్న దారిలో 1.75 వైపే నా మొగ్గు, ఎందుకంటే మరీ సన్నని టైరు గుంతలో పడితే ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి పంక్చరవుతుంది.

కొనేటప్పుడు అసలు జాగ్రత్త సైజు విషయంలో. మీ పాత టైరు పక్కగోడపై 54-559 వంటి అంకెలుంటాయి. రెండోది, అంటే 559, రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం (మిల్లీమీటర్లలో); అదే అంకె కొత్త టైరు మీదా ఉండి తీరాలి. 26 x 1⅜ అని భిన్నంలో రాసినది కూడా 26 అంగుళాలదే కదా అని తెచ్చుకుంటే, దాని కొలత 590 కాబట్టి మీ రిమ్ముకు పట్టదు. ట్యూబు కూడా కొత్త వెడల్పుకు తగినది తీసుకోండి. పెద్ద ట్యూబు సన్నని టైరులో మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతుంది.

గాలి విషయానికొస్తే, 70 కిలోల మనిషి 1.75 టైరులో వెనుక 50 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, ముందు కొంచెం తక్కువ ఉంచుకోవచ్చు. టైరుపై ముద్రించిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటకూడదు. రెండు టైర్లూ ఒకేసారి కొనడం కుదరకపోతే ముందుగా వెనుకది మార్చండి, బరువులో ఎక్కువ భాగం ఆ చక్రం మీదే పడుతుంది కాబట్టి తొక్కడంలో తేడా అక్కడే బాగా తెలుస్తుంది.