టాకిలా, రిసీవరా, రన్నింగ్ బ్యాకా: మొదటి రౌండ్‌లో ఎవరిని తీసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: జట్టుకు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఉన్నాడు, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఇరవయ్యో నంబరుకు అటూ ఇటూగా పిక్ (ఎంచుకునే వంతు) ఉంది, క్వార్టర్‌బ్యాక్‌కి కాపలా కాసే మంచి టాకిల్, విసిరిన బంతి పట్టే మంచి రిసీవర్, బంతితో పరుగెత్తే మంచి రన్నింగ్ బ్యాక్ ముగ్గురూ ఇంకా మిగిలే ఉన్నారు. ఎవరిని తీసుకోవాలి?

నేనైతే టాకిల్‌ని తీసుకుంటాను. రిసీవర్ అంటే కాస్త ఆలోచిస్తాను. రన్నింగ్ బ్యాక్ జోలికి మూడో రౌండ్ దాటేదాకా వెళ్ళను.

మేం ఉండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. అంటే డాలస్ జట్టు కౌబాయ్స్ అభిమానినని వేరే చెప్పక్కర్లేదు. క్రికెట్ తప్ప ఇంకో ఆట తెలియకుండా టెక్సస్ వచ్చినవాణ్ణి, మొదట్లో అందరిలాగే బంతి ఎటు పోతే అటే చూసేవాణ్ణి. ఆ అలవాటు మానిపించింది 2017 నవంబర్ 12న అట్లాంటాలో ఫాల్కన్స్‌తో జరిగిన ఆట. మా లెఫ్ట్ టాకిల్ టైరన్ స్మిత్ గాయంతో ఆ రోజు దిగలేదు. కుడిచేత్తో విసిరే క్వార్టర్‌బ్యాక్‌కి వీపు తిరిగి ఉండే వైపు కాపలా కాసేవాడు ఈ లెఫ్ట్ టాకిల్. స్మిత్ బదులు దిగిన కుర్రాడి మీదికి ఫాల్కన్స్ ఆటగాడు ఏడ్రియన్ క్లేబోర్న్ వచ్చాడు. బంతి విసిరేలోపే మా క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌ను పడేశాడు (దీన్నే శాక్ అంటారు). మళ్ళీ పడేశాడు. ఒక్క క్లేబోర్న్‌కే ఆరు శాక్‌లు, జట్టు మొత్తానికి ఎనిమిది. 27-7తో ఓడాం.

ఇంట్లో నలుగురం కూర్చుని చూస్తున్నాం. మూడో శాక్‌కి జోకులేశాం, అయిదోదానికి ఎవరూ మాట్లాడలేదు. రీప్లే వేసినప్పుడు బంతిని వదిలేసి ఆ కుర్రాడి కాళ్ళే చూశాను. వెనకడుగు అరక్షణం ఆలస్యంగా పడుతోంది, ఈలోగా క్లేబోర్న్ భుజం వంచి పక్కనుంచి చుట్టుకొచ్చేస్తున్నాడు. మా రన్నింగ్ బ్యాక్ ఎజకీల్ ఎలియట్ సస్పెన్షన్ కూడా ఆ ఆటతోనే మొదలైంది, కాదనను. కానీ ఎలియట్ ఉన్నా ఆ రోజు ప్రెస్కాట్ వీపు కాచేవాడు మాత్రం లేడు.

ఇక డబ్బు సంగతి. నా వాదనకు అసలు బలం అక్కడే ఉంది. ఐపీఎల్ వేలం చూసి చూసి వచ్చిన మనకు డ్రాఫ్ట్ మొదట్లో వింతగా ఉంటుంది, ఇక్కడ ఎవరూ పాట పెంచరు. మొత్తం 32 జట్లు, ఏడు రౌండ్లు, పోయిన సీజన్‌లో అట్టడుగున ఉన్నవాళ్ళు ముందు ఎంచుకుంటారు. 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్ళకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ ఇచ్చారు, అందులో 5 కోట్లు గ్యారంటీ. మరుసటి ఏడాది ఆటగాళ్ళ సంఘంతో కొత్త ఒప్పందం కుదిరింది. ఆ సంవత్సరం మొదటి పిక్ క్యామ్ న్యూటన్‌కు వచ్చింది నాలుగేళ్ళకు 2.2 కోట్లు. అప్పటినుంచి కొత్త కుర్రాళ్ళ జీతం పిక్ నంబరును బట్టే నడుస్తోంది, ఏ పొజిషన్ ఆడతాడన్నదానితో పని లేదు.

అంటే నాలుగో పిక్‌లో క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకున్నా, రన్నింగ్ బ్యాక్‌ని తీసుకున్నా మీ జేబులోంచి పోయేది ఇంచుమించు ఒకటే. బయట మార్కెట్‌లో మాత్రం వాళ్ళిద్దరికీ ఎక్కడా పోలిక లేదు. 2024లో ప్రెస్కాట్ కొత్త కాంట్రాక్ట్ ఏడాదికి 6 కోట్ల డాలర్లు. అదే సంవత్సరం రన్నింగ్ బ్యాక్ సాక్వాన్ బార్క్లీ అంతటివాడిని ఫిలడెల్ఫియా ఈగిల్స్ మూడేళ్ళకు కలిపి 3.8 కోట్ల లోపు తెచ్చుకుంది. అందుకే పిక్ చేతిలో ఉన్నప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇదే ఆటగాడు రేపు కాంట్రాక్ట్ అయిపోయి ఫ్రీ ఏజెంట్‌గా బయటికొస్తే ఎంత అడుగుతాడు? ఎక్కువ అడిగే పొజిషన్లు క్వార్టర్‌బ్యాక్, అతని మీదికి పక్కనుంచి దూసుకొచ్చే ఎడ్జ్ రషర్, టాకిల్, రిసీవర్, ఆ రిసీవర్‌ని కాసే కార్నర్. వీళ్ళను డ్రాఫ్ట్‌లో పట్టుకుంటే నాలుగేళ్ళు చవగ్గా దొరికినట్టు. మొదటి రౌండ్ వాడైతే అయిదో ఏడాది కూడా అట్టిపెట్టుకునే వీలుంటుంది.

బార్క్లీని జెయింట్స్ 2018లో రెండో పిక్ పెట్టి తెచ్చుకుంది. ఆరు సీజన్లలో ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒకే ఒక్క ఆట. ఆ కాళ్ళే ఫిలడెల్ఫియా లైన్ (ముందు నిలబడి అడ్డుకునే వరస) వెనక మొదటి ఏడాదే 2,005 యార్డులు పరుగెత్తి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాయి. ఆ లైన్‌లో రైట్ టాకిల్ లేన్ జాన్సన్ 2013లో నాలుగో పిక్. లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా మాత్రం ఆస్ట్రేలియా రగ్బీ నుంచి వచ్చి ఏడో రౌండ్‌లో దొరికినవాడు. "చూశారా, టాకిల్ కూడా ఆఖర్న దొరుకుతాడుగా" అని మా ఆఫీసులో ఒకాయన ప్రతి ఏప్రిల్‌లో అంటాడు. లాటరీ తగిలినవాణ్ణి చూపించి ఉద్యోగం మానెయ్యమన్నట్టుంటుంది ఆ మాట.

మా జట్టు సంగతీ చెప్పాలి. 2016లో నాలుగో పిక్ మాది, ఎలియట్‌ని తీసుకున్నాం. అయిదో పిక్‌లో జాగ్వార్స్ జేలెన్ రామ్జీ అనే కార్నర్‌ని తీసుకుంది. ఎలియట్ మొదటి ఏడాదే 1,631 యార్డులతో లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు, జట్టు 13 ఆటలు గెలిచి మూడే ఓడింది. నేను 21 నంబరు జెర్సీ కొనుక్కున్నాను. 2019లో అతనికి ఆరేళ్ళకు 9 కోట్ల డాలర్ల పొడిగింపు ఇచ్చారు. 2022 వచ్చేసరికి, నాలుగో రౌండ్‌లో దొరికిన టోనీ పొలార్డ్ తక్కువసార్లు బంతి అందుకుని 1,007 యార్డులు తెస్తే ఎలియట్‌వి 876. 2023 మార్చిలో ఎలియట్‌ని వదిలేశారు. ఆ జెర్సీ ఇప్పుడు పెరట్లో గడ్డి కోసేటప్పుడు వేసుకుంటున్నాను.

2018 డ్రాఫ్ట్ ఆర్లింగ్టన్‌లో మా స్టేడియంలోనే జరిగింది. నేనూ ఓ ఫ్రెండూ వెళ్ళాం. మా రిసీవర్ డెజ్ బ్రయంట్‌ని వదిలేసి రెండు వారాలు కూడా కాలేదు కాబట్టి రిసీవర్ వస్తాడనే అనుకున్నాం. 19వ పిక్‌లో లైటన్ వాండర్ ఎష్ పేరు చదివారు. లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్ ఆటగాడు! మా వరసలో ఒకాయన చేతిలో ఉన్న నాచోస్ ప్లేటు మెల్లిగా కింద పెట్టేశాడు, అంతే. కుర్రాడు మొదటి ఏడాది అదరగొట్టాడు, పాపం మెడ గాయాలతో 2024లో రిటైరయ్యాడు. గాయాన్ని ఎవరూ ముందే చూడలేరు, దానికి జట్టును తప్పుపట్టను. నా బాధ వేరు. ఆ అక్టోబర్‌లోనే రిసీవర్ లేక, అమారీ కూపర్ అనే రిసీవర్ కోసం 2019 మొదటి రౌండ్ పిక్ రైడర్స్‌కి ఇచ్చేయాల్సి వచ్చింది.

2021లో అదృష్టం కలిసొచ్చింది. కార్నర్ కావాలని కూర్చుంటే మేం ఆశపడ్డ ఇద్దరు కార్నర్లూ ఎనిమిది, తొమ్మిది పిక్‌లలో వెళ్ళిపోయారు. పదో స్థానం నుంచి పన్నెండుకు దిగి మైకా పార్సన్స్‌ని తీసుకున్నాం. 2025 ఆగస్టులో అతన్ని ప్యాకర్స్‌కి పంపినప్పుడు రెండు మొదటి రౌండ్ పిక్‌లూ, కెనీ క్లార్క్ అనే ఆటగాడూ వచ్చారు. ప్యాకర్స్ అతనికి నాలుగేళ్ళకు ఇచ్చింది 18.8 కోట్ల డాలర్లు. ఎడ్జ్ రషర్ బయట ఎంత పలుకుతాడో తెలిసిందిగా.

మీ అసలు ప్రశ్న టాకిలా, రిసీవరా అనేదాని మీద 2021లోనే మా ఆఫీసులో బిర్యానీ పందెం కాశాం. అయిదో పిక్ బెంగాల్స్‌ది. వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జో బరోకి అంతకుముందు నవంబర్లోనే మోకాలి లిగమెంట్ తెగింది. నేను టాకిల్ పెనే స్యూల్ అన్నాను, మైలాటా పేరెత్తే ఆయనే రిసీవర్ జమార్ చేస్ అన్నాడు. బెంగాల్స్ చేస్‌ని తీసుకుంది, స్యూల్ ఏడో పిక్‌లో లయన్స్‌కి వెళ్ళాడు. చేస్ మొదటి ఏడాదే 1,455 యార్డులు, జట్టు సూపర్ బౌల్‌కి చేరింది. నేను తలెత్తుకోలేకపోయాను. ఫైనల్లో బరోని రామ్స్ ఏడుసార్లు పడేసింది.

ఆఖరి నాలుగో డౌన్, అంటే చివరి ప్రయత్నం, బెంగాల్స్ 23-20తో వెనకబడి ఉంది. రామ్స్ ఆటగాడు ఏరన్ డోనల్డ్ లైన్ చీల్చుకుని వచ్చి బరోని పట్టుకుని గిర్రున తిప్పాడు. పడిపోతూ బరో విసిరిన బంతి ఎవరికీ అందకుండా నేలన పడింది. రీప్లేలో దూరంగా చేస్ కనిపించాడు. తనను కాస్తున్న ఆటగాణ్ణి దాటేసి ఒంటరిగా పరుగెత్తుతున్నాడు. అతను దాటేసింది ఎవరినో కాదు, మేం 2016లో వదులుకున్న రామ్జీనే, అప్పటికి రామ్స్‌కి వచ్చేశాడు. "చూశావా, మావాడు ఎలా ఖాళీగా ఉన్నాడో" అని ఆయన మెసేజ్ పెట్టాడు. "ఇంకో సెకను ఆగనిచ్చే టాకిల్ ఏడి?" అని నేను పెట్టాను. ఆ బిర్యానీ ఇప్పటిదాకా ఎవరూ కొనలేదు.