డగ్లస్‌ల కోటలకి బయల్దేరే ముందు

చిరంజీవి సింధుకి,

మామయ్య ఆశీస్సులు. మే నెలలో అక్కనీ బావగారినీ స్కాట్లండ్ తిప్పుతానని నువ్వు పంపిన జాబితా చూశాను. నాలుగు రోజులకి పదకొండు కోటలు! అలా పరిగెత్తిస్తే బావగారికి గుర్తుండేది కారు సీటే. ఒక్క వంశాన్ని పట్టుకో, పాతకాలపు స్కాట్లండ్ ప్రభువులైన డగ్లస్‌లని. ఐదు చోట్లు చాలు.

మొదట మెల్‌రోస్. ఎడిన్‌బరాలో రైలెక్కి ట్వీడ్‌బ్యాంక్‌లో దిగితే మఠం దగ్గరే. 1329లో రాజు రాబర్ట్ బ్రూస్ పోయాక, ఆయన గుండెని భరిణెలో పెట్టుకుని సర్ జేమ్స్ డగ్లస్ క్రైస్తవుల పుణ్యభూమి వైపు బయల్దేరాడు. మరుసటేడే స్పెయిన్‌లో, టెబా దగ్గర యుద్ధంలో చనిపోయాడు. గుండె మాత్రం తిరిగొచ్చి మెల్‌రోస్ చేరింది. తవ్వకాల్లో బయటపడ్డ ఆ భరిణెని 1998లో మళ్ళీ అక్కడే పూడ్చారు. డగ్లస్‌ల చిహ్నంలో ఎర్ర గుండె ఉండేది అందుకే. ఇది ముందు చెప్తే అక్క మిగతావన్నీ ఆసక్తిగా చూస్తుంది.

తర్వాత త్రీవ్ కోట. దీనికి పూటంతా ఉంచుకో. కాజిల్ డగ్లస్ ఊరికి రైలు లేదు, కారు తీసుకో. కారు ఆపి పొలాల గట్ల వెంట పావుగంట పైనే నడవాలి. డీ నది ఒడ్డున చిన్న రేవు, దానికో గంట. గంట కొడితే ద్వీపం మీంచి పడవ వస్తుంది. నేను మొదటిసారి బద్ధకంగా బయల్దేరి చివరి పడవ దాటాక చేరాను. అవతలి కోటని చూస్తూ గట్టు మీదే పులిహోర తిని వచ్చేశాను. నువ్వు పొద్దున్నే వెళ్ళు. కట్టించింది ఆ సర్ జేమ్స్ కొడుకు, ‘గ్రిమ్’ అని పేరుపడ్డ ఆర్చిబాల్డ్. గోడలు మూడు మీటర్ల మందం. అయినా 1455లో రెండో జేమ్స్ రాజు రెండు నెలలకి పైగా ముట్టడించి, చివరికి లోపలివాళ్ళకి డబ్బు ముట్టజెప్పి తీసుకున్నాడు. పైకి వెళ్ళేది ఇరుకు మెలిక మెట్ల మీదే. అక్క మోకాళ్ళకి కష్టం, కింద కూర్చోబెట్టు. నదిని చూస్తూ కూర్చోవడం తనకీ ఇష్టమే.

స్టిర్లింగ్ కోట అందరూ వెళ్ళేదే, పెద్దగా చెప్పను. 1452లో అభయమిచ్చి పిలిచిన డగ్లస్‌ల ఎనిమిదో ఎర్ల్ (ప్రభువు) విలియమ్‌ని అదే రాజు అక్కడ స్వయంగా పొడిచాడు. శవాన్ని కిటికీలోంచి పడేశారంటారు, ఆ చోటుని డగ్లస్ గార్డెన్ అంటారు. ఎడిన్‌బరా కోటలో 1440 నాటి ‘నల్ల విందు’ కథ, అంటే కుర్రవాడైన డగ్లస్ ఎర్ల్‌నీ అతని తమ్ముణ్ణీ విందుకి పిలిచి చంపించిన కథ, చెప్పేటప్పుడు మాత్రం ఇప్పుడున్న పెద్ద హాలు చూపించకు. అది ఆ హత్యల తర్వాతెప్పుడో కట్టింది.

చివరగా డగ్లస్‌లదే టాంటాలన్ కోట. నార్త్ బెర్విక్‌కి రైలు, అక్కణ్ణించి బస్సు. ఎర్రరాతి గోడ ఒక్కటే, వెనక మూడు వైపులా కొండచరియ, సముద్రం. ఎదురుగా బాస్ రాక్ అనే రాతి దీవి మీద తెల్లగా కనిపించేది మంచు అనుకుంటాడు బావగారు, గ్యానెట్ పక్షులని చెప్పు. గొడుగు తీసుకెళ్ళకు, ఆ గాలికి తిరగబడుతుంది. టోపీ ఉన్న రెయిన్‌కోట్లు కొను. గోడలకి మరమ్మతులని కొన్ని భాగాలు మూసేస్తుంటారు, ముందురోజు రాత్రి వెబ్‌సైట్ చూసుకో.

బావగారి కాలి కొలత వెంటనే రాయి. నా దగ్గర వాన బూట్లు ఒక జత కొత్తవే ఉన్నాయి, పంపిస్తాను.

మీ మామయ్య