ఆది లేకుండా కుట్టిన పోలీసు బట్టలు

ప్రశ్న: "హిట్లర్ లాంటి వాళ్ల పాలనలో గే, లెస్బియన్ కళాకారులు, రచయితలు ఎలా పనిచేసేవారు? తమ సంగతి బయటపడకుండా రచనల్లో గూఢార్థాలు పెట్టి రాసేవారా?"

గూఢార్థాల గురించి చెప్పడానికి సాహిత్యం చదువుకున్నవాళ్లు వేరే ఉన్నారు. నాది డేటాబేస్ ఉద్యోగం. ఊరు తెనాలి, తొమ్మిదేళ్లుగా ఉంటున్నది ఆమ్‌స్టర్‌డామ్‌లో. నేనూ గేనే కాబట్టి ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను. నన్నడిగితే, వాళ్లలో అసలైన పని చేసినవాళ్లు గూఢార్థాలు పేర్చుకుంటూ కూర్చోలేదు. దొంగ గుర్తింపు కార్డులు అచ్చు వేశారు, దొంగ యూనిఫాంలు కుట్టారు, చివరికి ఒక ప్రభుత్వ ఆఫీసును తగలబెట్టారు. కళాకారుల చేతిపని అంతకంటే బాగా ఇంకెక్కడా ఉపయోగపడలేదని నా గట్టి అభిప్రాయం.

ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్ల మీద నాకో చిన్న కోపం కూడా ఉంది. మనవాళ్లకి గే అనగానే సినిమాలో నడుం తిప్పుకుంటూ వచ్చే కామెడీ పాత్ర గుర్తొస్తుంది, "వాడు తేడా రా" అనే మాట గుర్తొస్తుంది. కాస్త చదువుకున్నవాళ్లయితే పాపం, లోపల్లోపల కుమిలిపోతూ కవిత్వం రాసుకునేవాడు గుర్తొస్తాడు. చెయ్యి తిరిగిన పనివాడు ఎందుకు గుర్తురాడో నాకు అర్థం కాదు.

అందరూ మహాత్ములని కూడా నేను అనను. గుస్తాఫ్ గ్రూండ్‌గెన్స్ అని బెర్లిన్‌లో పెద్ద నటుడు ఉండేవాడు. అతను గే అన్న సంగతి ఊరందరికీ తెలుసు. అయినా హిట్లర్ మంత్రి గోరింగ్ అండ చూసుకుని 1934 నుంచి ప్రభుత్వ నాటకశాలనే నడిపాడు. అదే బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే డాక్టరు 1919లో పెట్టిన లైంగికత పరిశోధన సంస్థను 1933 మే 6న నాజీలు దోచేశారు, నాలుగు రోజుల తర్వాత దాని పుస్తకాలను నడివీధిలో కాల్చారు. ఆ పెద్దాయన అప్పటికి దేశంలో లేడు, బతికిపోయాడు. 1931లో ఇండియా కూడా చుట్టి వెళ్లాడు. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన గురించి ఒక్క లైను నేను చదివిన గుర్తు లేదు. సరే, అది వేరే గొడవ.

నేను చెప్పదలుచుకున్నది రిజిస్టర్ల గురించి. ఫాసిజం అనగానే అందరికీ బూట్ల చప్పుడు గుర్తొస్తుంది. నాకు మాత్రం పేర్ల జాబితా గుర్తొస్తుంది. జర్మనీ పోలీసులు గేల పేర్లతో పింక్ లిస్టులు పెట్టారు, 1935లో చట్టాన్ని బిగించారు, సుమారు 50,000 మందికి శిక్షలు వేశారు. హాలండ్‌ను ఆక్రమించాక అక్కడి కళాకారులంతా నాజీల సాంస్కృతిక మండలిలో పేరు నమోదు చేసుకోవాలన్నారు. పేరు ఎక్కించుకుంటే ప్రదర్శనలు, పుస్తకాలు, డబ్బులు. లేకపోతే ఏమీ లేదు. మనమేం తక్కువ తినలేదు. నిజాం కాలంలో, 1919లో, హైదరాబాదులో హిజ్రాల పేర్లు, ఇళ్లు రిజిస్టర్‌లో రాసిపెట్టుకునే అధికారం పోలీసులకిస్తూ ఒక చట్టం తెచ్చారు. ఆడవాళ్ల బట్టలు కట్టుకుని బయట కనిపిస్తే వారంట్ లేకుండా పట్టుకోవచ్చు. దాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది ఎప్పుడనుకున్నారు? 2023 జూలైలో.

ఇక్కడికొచ్చిన కొత్తలో నా బాధ కూడా రిజిస్టర్‌తోనే. ఈ దేశంలో దిగిన ఐదు రోజుల్లో మున్సిపాలిటీలో పేరు నమోదు చేయించుకోవాలి. నా మొదటి ఇంటి ఓనరు అద్దె మాత్రం ముక్కుపిండి తీసుకుని, ఈ అడ్రసు మీద రిజిస్ట్రేషన్ కుదరదన్నాడు. నమోదు లేనిదే ప్రభుత్వ గుర్తింపు నంబరు రాదు, నంబరు లేనిదే బ్యాంకు ఖాతా తెరవలేదు. రెండు నెలలు జీతం చేతికి రాక ఒకటే టెన్షన్. రిజిస్టర్‌లో పేరు లేకపోతే మనిషి లేనట్టే అని అప్పుడు తెలిసొచ్చింది. పేరు ఉన్నందుకే ప్రాణం పోయిన రోజులు కూడా ఇదే ఊళ్లో ఉండేవని అమ్మ వచ్చినప్పుడు గానీ నా బుర్రకెక్కలేదు.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. తెనాలిలో మా ముందు గదిలో ముప్పై ఏళ్లుగా టైలరింగ్ చేస్తోంది. ఇక్కడికొచ్చేటప్పుడు కూడా టేపు, కత్తెర, కొలతల పుస్తకం సర్దుకుని వచ్చింది. కత్తెర మాత్రం చేతి సంచీలో పెట్టుకుని ఎయిర్‌పోర్టులో పోగొట్టుకుంది. ఆ పుస్తకంలో ముందు పేజీల్లో ఖాతాదారుల కొలతలు, పక్కనే డబ్బులు ఉంటాయి. వెనక నుంచి తిప్పితే "ఇంటివి" అని ఉంటుంది. అక్కడ నాన్నవి, నావి, చెల్లివి, దాని పిల్లలవి కొలతలు. డబ్బుల గడి ఉండదు. నాతో ఉంటున్నతన్ని రూమ్మేట్ అని పరిచయం చేశాను. అమ్మ అతన్ని "ఆ పొడుగబ్బాయి" అనేది.

ఒక ఆదివారం ముగ్గురం ఆర్టిస్ జూకి వెళ్లాం. జిరాఫీల దగ్గరే గంటసేపు నిలబెట్టింది. బయటికొచ్చి ట్రాము కోసం నడుస్తుంటే పక్కనే ప్లాంటాజ్ కెర్క్‌లాన్ 36 నంబరు భవనం గోడ మీద పేర్లు చెక్కిన ఫలకం కనిపించింది. "ఎవరు నాన్నా వీళ్లు, కట్టడానికి చందాలిచ్చారా?" అంది. మన గుళ్లలో గోడ మీద పేర్లుంటే చందాదారులవే కదా. కాదమ్మా, కాల్చి చంపారు అన్నాను. కాళ్లు నొప్పులంటూ అక్కడే గట్టు మీద కూర్చుని, చెప్పు అంది.

యుద్ధకాలంలో ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టర్ ఆ భవనంలోనే ఉండేది. మనిషికో కార్డు, అందులో మతం కూడా. డచ్చి గుర్తింపు కార్డు తయారుచేసింది యాకబ్ లెంట్స్ అనే ఒక అధికారి. పని మీద ఎంత శ్రద్ధంటే, దొంగ కార్డు చెయ్యడం దాదాపు అసాధ్యం అయ్యేలా చేశాడు. పగలంతా ఆఫీసులో కూర్చుని పని చక్కగా చేసుకుపోయే ఇలాంటి మనిషంటే నాకు భయం, బహుశా నేనూ అలాంటివాణ్ణే కాబట్టి. అయినా చిత్రకారులు, శిల్పులు, ప్రింటర్లు కలిసి, దాక్కున్న యూదులూ ఇతరులూ దొరక్కుండా ఉండటానికి దొంగ కార్డులు చేశారు. శిల్పి ఖెరిట్ ఫాన్ డెర్ ఫేన్ నడిపిన ముఠా సుమారు 80,000 చేసిందంటారు. కానీ పోలీసుకి అనుమానమొస్తే కార్డు నంబరు తీసుకెళ్లి ఈ ఆఫీసులో ఉన్న అసలు కార్డుతో సరిచూస్తాడు. మా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, కింద ఎన్ని ఎంట్రీలు మార్చినా మాస్టర్ టేబుల్ అలాగే ఉంటే దొరికిపోతారు. అందుకని మాస్టర్‌నే లేపేద్దామనుకున్నారు.

ముందుండి నడిపించినవాళ్లలో విల్లెమ్ అరోండేయస్ ఒకడు. 48 ఏళ్లు. గే అని ఇంట్లో గొడవై పదిహేడేళ్లప్పుడే బయటికొచ్చేశాడు. 1923లో రోటర్‌డామ్ సిటీ హాల్‌కి గోడ చిత్రం వేశాడు. తర్వాత బొమ్మలు వదిలి రాతలోకి వచ్చి నవలలు, ఒక చిత్రకారుడి జీవితచరిత్ర రాశాడు. పెద్ద పేరేమీ రాలేదు, ఎప్పుడూ డబ్బుకి కటకటే. ఆ నాజీల మండలిలో పేరు రాయించుకోనన్నాడు. 1942లో కళాకారుల కోసం దొంగచాటుగా ఒక పత్రిక మొదలుపెట్టాడు. ఇంకొకడు స్యూర్డ్ బాకర్, ఇతనూ గే, వృత్తి టైలరు.

టైలరు అనగానే అమ్మ వెన్ను నిటారైంది.

1943 మార్చి 27 రాత్రి వీళ్లు పోలీసు వేషాల్లో వచ్చారు. ఆ యూనిఫాంలు కుట్టింది బాకర్. తనిఖీ అని చెప్పి లోపలికెళ్లి, కాపలావాళ్లకి మత్తు ఇంజెక్షన్లిచ్చి, ఎవరికీ దెబ్బ తగలకుండా పక్కనే ఉన్న జూ తోటలోకి మోసుకెళ్లి పడుకోబెట్టారు. కార్డులు బయటికి లాగి కుప్పపోసి, పేలుడు పదార్థాలు పెట్టి అంటించారు. ఫైరింజన్లు కావాలనే ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవాళ్లు కూడా మిగిలిన కార్డులు తడిసి ముద్దయ్యేలా నీళ్లు గుమ్మరించారు. 8 లక్షల కార్డులు పోయాయని కొందరంటారు, అంత కాదని కొందరంటారు. రిజిస్టర్ మొత్తం మాత్రం పోలేదు. ఆ దేశంలోని యూదుల్లో 1,02,000 మందిని చంపనే చంపారు.

ఇదంతా చెబితే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పోలీసు బట్టలకి ఆది ఎక్కడ దొరికింది?"

ఆది జాకెట్టు సంగతి తెలియని ఆడవాళ్లు మనలో లేరు. మగాళ్ల కోసం చెబుతున్నా: సరిగ్గా నప్పిన పాతది ఒకటి ఇస్తే, దాన్నిబట్టి కొత్తది కుడతారు. నేనేదో చెప్పబోయే లోపే తనే జవాబు చెప్పుకుంది. "చూసి కుట్టేసుంటాడు. చెయ్యి తిరిగినవాడికి ఆది అక్కర్లేదు. రాత్రి పూట కుట్టెవరు చూస్తారు? కాలరు నిలబడాలి, భుజం దగ్గర జారకూడదు, బొత్తాలు మెరవాలి. అంతే." వాళ్ల ధైర్యం గురించి ఒక్క మాట అనలేదు. అంతమందికి అంత తక్కువ టైములో కుట్టాడంటే కాజాలు ఎవరితోనో వేయించుకుని ఉంటాడని తేల్చింది. ఫలకం మీద ఆ కాజాల మనిషి పేరు కూడా ఉందేమో చూడమంది. నేను ఈ సంఘటన గురించి చాలానే చదివాను గానీ ఇంత దగ్గరగా ఆలోచించిన వ్యాసం ఒక్కటీ తగల్లేదు.

ఎవరో పట్టించారు. ఏప్రిల్ 1న అరోండేయస్ దొరికాడు. విచారణలో నేరమంతా తన నెత్తినే వేసుకున్నాడు. 1943 జూలై 1న సముద్రం పక్క ఇసుక దిబ్బల్లో పన్నెండు మందిని కాల్చేశారు. చనిపోయే ముందు, మాలాంటివాళ్లు పిరికివాళ్లు కారని అందరికీ తెలియజెయ్యమని లావ్ మజిరెల్ అనే లాయరమ్మకి చెప్పి వెళ్లాడు. చెప్పి వెళ్లినా లాభమేముంది, యుద్ధం అయ్యాక దశాబ్దాల పాటు వీరుల కథలో ఆ ఒక్క ముక్క వదిలేసే చెప్పారు. వీరుడు కావాలి, కానీ తేడా ఉండకూడదు. ఇదేం న్యాయమో. బాకర్ చివరి కోరికగా గులాబీ రంగు చొక్కా అడిగాడట.

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పట్టేసింది. అమ్మ నా మొహం చూసింది, తర్వాత అవతల నిలబడి ట్రాము టైము చూస్తున్న పొడుగబ్బాయిని చూసింది. "తెల్లటివాళ్లకి గులాబీ బాగుంటుందిలే" అని లేచింది.

ఇంటికొచ్చాక ఇంకొకామె సంగతి కూడా చెప్పాను. ఫ్రీడా బెలిన్‌ఫాంటే, చెల్లో అనే తీగ వాయిద్యం వాయించేది, ఆర్కెస్ట్రా నడిపేది, లెస్బియన్. ఈ ముఠాలోదే. పట్టుకోవడం మొదలెట్టాక మూడు నెలలు మగవేషంలో తిరిగి, తర్వాత స్విట్జర్లాండ్‌కి పారిపోయి, అమెరికా చేరి 1995 దాకా బతికింది. ఆ మగవేషంలో ఉండగా ఒకరోజు వీధిలో సొంత తల్లి ఎదురుపడి కూడా గుర్తుపట్టలేదని ముసలితనంలో చెప్పుకుంది. అమ్మ ఇది మాత్రం నమ్మలేదు. "గుర్తుపట్టే ఉంటుంది. నలుగురిలో ఎందుకని ఊరుకుని ఉంటుంది" అంది. అంటూ బీరకాయ చెక్కు తీస్తూనే ఉంది.

ప్రశ్న నుంచి చాలా దూరం వచ్చేశానని తెలుసు. గూఢార్థాలే కావాలంటే క్లోడ్ కాహున్, మార్సెల్ మూర్ గురించి వెతికి చదవండి. జర్మన్లు ఆక్రమించిన జెర్సీ దీవిలో కలిసి బతికిన ఇద్దరు ఆడవాళ్లు. 'పేరులేని సైనికుడు' అనే సంతకంతో జర్మన్‌లో చీటీలు రాసి, జర్మన్ సైనికుల జేబుల్లో, సిగరెట్ పెట్టెల్లో పడేసేవాళ్లు. ఎవరో తమ సైనికుడే తిరగబడ్డాడని పై అధికారులు కంగారుపడాలని. 1944లో దొరికారు, మరణశిక్ష పడింది, అమలు కాకుండానే యుద్ధం ముగిసింది. వాళ్లూ చేసింది ఒక రకంగా ఫోర్జరీయే, కాబట్టి నా మాటే నెగ్గింది.

అమ్మ తిరిగి వెళ్లే ముందు రోజు రాత్రి సూట్‌కేసు సర్దుతుంటే టేపు మెడలో వేసుకుని హాల్లోకి వచ్చింది. పొడుగబ్బాయిని చేత్తోనే నిలబడమని సైగ చేసింది. అతనికి తెలుగు రాదు, ఆమెకి ఇంగ్లీషు రాదు. భుజం కొలవడానికి కుర్చీ ఎక్కింది. ఛాతీ 42, చెయ్యి 26. "ఇదేం చెయ్యిరా, తాటిచెట్టు" అని నవ్వింది. నేను అంకెలు చెబుతుంటే పుస్తకం వెనక నుంచి తిప్పి రాసుకుంది.