జూన్‌లో చల్లిన ఆస్టర్ విత్తనం ఎందుకు నిలవలేదంటే

విజయవాడలో డాబా మీద జూన్‌లో ఆస్టర్ పూలమొక్క విత్తనం చల్లితే సగం మొలవలేదని, మొలిచినవి వారంలోనే మొదలు మెత్తబడి ఒరిగిపోయాయని ఒకరు రాశారు. ఇవి రెండూ వేరు వేరు సంగతులు.

మొలవకపోవడానికి ముందుగా విత్తనం వయసునే అనుమానించండి. ఆస్టర్ విత్తనం బంతి విత్తనంలా నిలవ ఆగదు. మన ఉక్కలో మామూలు గదిలో ఏడాది ఉంటే మొలక శాతం బాగా పడిపోతుంది. ప్యాకెట్ మీద ప్యాకింగ్ తేదీ ఒక్కటే చూడకండి, పరీక్ష తేదీ కూడా చూడండి. ఇరవై గింజలు తడి కాగితంలో చుట్టి పది రోజులు ఉంచితే పన్నెండైనా మొలవాలి. అంతకు తగ్గితే ఆ ప్యాకెట్ మీద ట్రేలూ మట్టీ వృథా చేయకండి. రెండోది వేడి. 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటే విత్తనం హాయిగా మొలుస్తుంది, జూన్ డాబా దానికి పొయ్యి. కృష్ణా, గుంటూరు వైపు చిత్త కార్తెలో, అంటే అక్టోబరు రెండో వారం నుంచి నారు పోసుకోవడం మేలు. తుపాను వానలు వచ్చేది కూడా అప్పుడే కాబట్టి ట్రే పైన ప్లాస్టిక్ కప్పు ఉండాలి.

ఒరిగిపోయింది నారుకుళ్ళు వల్ల. తడి ఎక్కువై, గాలి ఆడక, విత్తనం దట్టంగా పడితే వస్తుంది. నేను వాడే పాళ్ళు: కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు, వర్మీకంపోస్టు ఒకటి, కడిగిన ఇసుక ఒకటి. కిలో మిశ్రమానికి ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు బూజు) పొడి 5 గ్రాములు. తోటలోని నల్లరేగడి మాత్రం నారుకు వద్దు, నీళ్ళు పట్టుకుని వదలదు. 98 గళ్ళ ట్రేలో గడికి రెండు గింజలు వేసి, పైన పావు అంగుళం లోపే మిశ్రమం చల్లి, తడి గోనెసంచి కప్పండి. ఆరో రోజు నుంచి రోజూ ఎత్తి చూడాలి. మొదటి మొలక కనబడగానే గోనె తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కాడలు సాగి పడిపోతాయి. తర్వాత పొద్దుటి ఎండ, మధ్యాహ్నం నీడ. నీళ్ళు ఉదయమే పోయాలి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. ఒకటి రెండు మొక్కలు పడగానే కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగుళ్ళ మందు లీటరు నీళ్ళకు 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపండి. పడిన మొక్క లేవదు, పక్కవి దక్కుతాయి.

నాలుగైదు ఆకులొచ్చాక, సుమారు నెలకు, సాయంత్రం పూట నాటండి. నేలలో అడుగు ఎడం, లేదా పది అంగుళాల కుండీకి ఒక్క మొక్క. నాటిన నెలకు చిగురు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. నత్రజని ఎక్కువేస్తే ఆకే తప్ప పువ్వు ఉండదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీళ్ళకు 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి చాలు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారి కామిని, పూర్ణిమ, శశాంక్ రకాలు దొరికితే అవే తీసుకోండి.

ఆస్టర్‌కి అసలు శత్రువు ఎండు తెగులు. మొక్క ఒక పక్క ఆకులు పసుపెక్కి వాలతాయి, కాడ చీలిస్తే లోపల గోధుమ చారలుంటాయి. మందు కొట్టి బతికించలేం. నీళ్ళు చాలక వాడిందనుకుని ఇంకా పోస్తే త్వరగా పోతుంది. పీకి కాల్చేయండి. ఈ తెగులు తెచ్చే బూజు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతుంది కాబట్టి ఆ మట్టిలో మళ్ళీ ఆస్టర్ వద్దు. అయితే ఆ రకం బూజు ఆస్టర్‌నే పడుతుంది, వంకాయకో బెండకో అదే మట్టి నిక్షేపంగా వాడుకోవచ్చు. తెగులు లేకపోయినా ఏటా కుండీ మట్టి మార్చడమే నా పద్ధతి.

పువ్వు రేకులు పచ్చగా మారి, మొక్క సన్నగా పసుపు పిలకలు వేస్తే అది పచ్చదోమ (ఆకుల రసం పీల్చే చిన్న పురుగు) మోసుకొచ్చే జబ్బు, దానికీ పీకడమే దారి. దోమ ఎక్కకుండా వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళతో వారానికోసారి కొట్టండి.

పై ఏడాదికి విత్తనం కావాలంటే ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద రెండు మూడు పూలు కోయకుండా వదిలేయండి. రేకులు ఎండి, తెల్లటి నూగు పైకి లేచాక పొడి రోజున దులిపి, నీడన వారం ఆరబెట్టి, మూత బిగుతుగా ఉన్న సీసాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టుకోండి. సీసా మీద నెల, సంవత్సరం రాయడం మరవకండి.